చుక్క పడే చోటు

కిరిబాతి దీవుల్లో ఒక ఊరు. మనేబ అంటే అక్కడ ఊరంతా కూడి కూర్చునే సభాశాల; అందులో ఏ వంశం చోటు ఆ వంశానిదే. కొత్తగా కట్టబోయే మనేబ బొమ్మ కంప్యూటర్ తెర మీద ఉంది. దాని ముందు ముగ్గురు: ముసలి బిరిబో, అతని భార్య మకురీటా, సొలొమన్ దీవుల నుంచి వచ్చి ఆ బొమ్మ గీసిన అమ్మాయి తూరెకా.

"చేమదుంపల గుంటలో పెట్టావు నన్ను!"

"గుంటలో కాదు తాతా, దాని పక్కన..."

"పక్కనా? ఓహో, పక్కన! ఏమే మకురీటా, విన్నావా? మీ ఆయన గుంటలో లేడంట. గట్టు మీద ఉన్నాడంట."

"విన్నాను. గట్టు మీదే ఉండు. కాలు జారేదాకా బాగానే ఉంటుంది."

"నువ్వు నోరు మూసుకుని చాప అల్లుకో. ఏయ్ తూరెకా, నీకు కళ్ళున్నాయా? ఇదిగో మనేబ. ఇవిగో స్తంభాలు. ఊళ్ళో ప్రతి వంశమూ లోపల కూర్చుంది. ఆ తాగుబోతు ఇయోతెబ వాళ్ళు కూడా లోపలే ఉన్నారు. మరి కైరోరో వాళ్ళెక్కడ? నా వంశం ఎక్కడ? కప్పు దాటి, ముంగిలి దాటి, చేమగుంట దగ్గర! రేపు అన్నాలు పంచేటప్పుడు కైరోరో వాళ్ళ వాటా అని పిలిస్తే, ఎక్కడికి విసురుతారు? గుంటలోకా?"

"తప్పు జరిగింది తాతా. సరిచేస్తాను."

"తప్పు జరిగిందట! వాన పడిందన్నట్టు చెబుతుంది చూడు. తప్పు దానంతటది జరగదు. ఎవరో ఒకరు చేస్తారు."

"నేనే చేశాను."

"ఆ. ఇప్పుడు దారికొచ్చావు. ఫిజీలో సువాకి పోయి చదివావంట కదా. ఏం చదివావు?"

"ఇదే."

"ఏది?"

"కాన్వాస్ మీద బొమ్మలు గీయించడం. కంప్యూటర్ చేత."

"కాన్వాస్! కాన్వాస్ గురించి నాకు చెప్పకు. తెరచాపలు కుట్టిన చేతులివి. కాన్వాస్ అన్నాక గాలి పట్టాలి. నీ కాన్వాస్ ఏం పడుతుంది?"

"ఇప్పటికైతే ఈగల్ని పడుతోంది. ఆ తెర కాస్త తుడువు పిల్లా."

"సరే అమ్మమ్మా."

"ఈగలు సరే. నా సంగతి చెప్పు. అందరూ లోపలుండగా నేనొక్కణ్ణే బయటెందుకున్నాను?"

"మీ చోటు మీరు నిన్ననే చెప్పారు కదా తాతా. అప్పటికి మిగతావన్నీ గీసేశాను. అవన్నీ ఒక వరసలో వచ్చేస్తాయి. మీది విడిగా కలపాల్సి వచ్చింది."

"విడిగా! ఊరందర్నీ అడిగి, చిట్టచివరికి బిరిబో గుర్తొచ్చాడు."

"ముందే వచ్చాను. మీరు నిద్రపోతున్నారు."

"నిద్ర కాదు. కళ్ళు మూసుకుని ఉన్నాను."

"గురక పెడుతూ."

"మకురీటా!"

"అల్లుకుంటున్నాను. నా పని నేను చేసుకుంటున్నాను."

"విడిగా కలిపితే మాత్రం? విడిగా కలిపినవాణ్ణి గుంటలోకి తోస్తారా?"

"అది కాదు తాతా. పాత మనేబ మూల సముద్రం తినేసింది కదా. అందుకని కొత్తదాన్ని ఊరి వైపు జరిపాం. జనం పెరిగారని ఒకటిన్నర రెట్లు పెంచాం కూడా. జరపడం ఒక పని, పెంచడం ఇంకో పని."

"ఊరంతటికీ తెలుసు. తీర్మానం చేసింది నేను."

"చేయి ఎత్తింది నువ్వు. తీర్మానం చేసింది పెద్దలు."

"ఎత్తిన చేతుల్లో నాదే ముందు! ఊఁ, చెప్పు."

"ఆ రెండిట్లో ఏది ముందన్నదే ముఖ్యం. మీ చోటు గీసేటప్పుడు ముందూ వెనకా అయింది."

"ఏది ముందైతే ఏంటి? చేప ముందు తిని అన్నం తర్వాత తిన్నా, అన్నం ముందు తిని చేప తర్వాత తిన్నా, పోయేది కడుపులోకే."

"ఇది కడుపులోకి పోదు తాతా. కాన్వాస్‌కి ఒక మూల ఉంటుంది. దూరాలన్నీ అక్కణ్ణుంచే. ముందు ఆ మూల నుంచి మనేబ దాకా వెళ్ళి, అక్కడ నిలబడి పెంచితే, మనేబ ఉన్నచోటే పెద్దదవుతుంది. అలా కాక మూల దగ్గరే ముందు పెంచేసి, అప్పుడు బయల్దేరామనుకోండి... నడిచే దూరం కూడా పెరిగిపోతుంది."

"నాకు అర్థం కాలేదే పిల్లా."

"చిన్నపిల్లని మీ గుమ్మం నుంచి ఇరవై అడుగులు వెయ్యమంటే బావి దగ్గర ఆగుతుంది కదా అమ్మమ్మా. ఆ పిల్లని గుమ్మంలోనే ముందు పెద్దదాన్ని చేసి, అప్పుడు అవే ఇరవై అడుగులు వెయ్యమంటే?"

"బావి దాటిపోతుంది."

"దాటి చేమగుంటలో పడుతుంది! అంటే నువ్వు నన్ను ముందు ఉబ్బించి, ఆ తర్వాత నడిపించావు."

"అంతే తాతా."

"విన్నావా మకురీటా? ఈ పిల్ల నన్ను ఉబ్బించింది."

"దానికేం పాపం. నువ్వు పుట్టుకతోనే ఉబ్బావు."

"గీత కూడా చూడు. అందరి చోట్లకీ సన్నగీత. నాకొక్కడికే కొబ్బరితాడంత లావు."

"పెంచేటప్పుడు గీత మందం కూడా పెరుగుతుంది తాతా. మిగతావాటికి సన్నం చేశాను. మీదానికి మర్చిపోయాను."

"మర్చిపోయింది. ముందూ వెనకా చేసింది. నాలుగు గీతలు గియ్యడానికి ఓడెక్కి సువాకి పోయింది. మా నాన్న పుల్ల పట్టుకుని ఇసుకలో గీసేవాడు మనేబని. చెయ్యి వణికేది కాదు. ఏ వంశమూ గుంటలో పడేది కాదు."

"అవును తాతా."

"అవును తాతా, అవును తాతా. మీ సొలొమన్ వాళ్ళంతా ఇంతే. అక్కడ కొండలుంటాయంట కదా? కొండల మధ్య పెరిగినవాళ్ళకి దూరం ఎలా తెలుస్తుంది? ఇక్కడ తలెత్తితే ఆకాశం, దించితే నీళ్ళు. ఎక్కడున్నామో పుట్టినప్పుడే తెలిసిపోతుంది."

"వాళ్ళూ ఇక్కణ్ణుంచి పోయినవాళ్ళేనయ్యా."

"పోయినవాళ్ళు పోయినవాళ్ళే. నేల చాలట్లేదు, తెల్లదొర ఓడ పెట్టాడు, ఎక్కారు. ఉన్నవాళ్ళు ఉన్నారు. కరువులో ఎండుచేప నాకి బతికింది ఉన్నవాళ్ళు."

"వాళ్ళు సరదాకి ఓడ ఎక్కలేదయ్యా."

"నేను ఎక్కమన్నానా? నాకప్పుడు పన్నెండేళ్ళు. వదిలెయ్. ఏయ్ పిల్లా, సాయంత్రం పెద్దల ముందు తెల్లదుప్పటి కట్టి ఈ బొమ్మ చూపిస్తావు కదా?"

"చూపిస్తాను."

"నువ్వెక్కడ కూర్చుంటావు?"

"మీరే చెప్పాలి తాతా."

"ఇంకెక్కడ! చుట్టాల చోట్లో. తూర్పున, వెనక. పొయ్యి పొగ వచ్చేవైపు."

"సరే."

"సరేనంట. వేరే చోటు ఉన్నట్టు! ఇప్పుడు నా చోటు సరిగ్గా పెట్టు."

"తాతా... ఒక మాట అడగనా?"

"అడుగు."

"ఇదంతా మళ్ళీ లెక్క కట్టడమెందుకు? మీ పేరు నేను చేత్తో పట్టుకుని లోపలికి లాగేస్తాను. ఇదిగో, ఉత్తరం స్తంభం దగ్గర ఖాళీ ఉంది. చక్కగా కనిపిస్తారు. చల్లగా కూడా ఉంటుంది."

"ఖాళీలోనా?"

"ఊరికే అన్నాను."

"ఖాళీలో ఎవరు కూర్చుంటారు? ఎవరికీ చెందని కుక్కలు! నేను కైరోరో వాణ్ణి. పడమటి వైపు, మూడో స్తంభం. నేను పోయాక నా కొడుకులు, వాళ్ళు పోయాక వాళ్ళ కొడుకులు."

"మూడో స్తంభమే కదా తాతా, మీరు చెప్పింది? రెండోది కాదు కదా?"

"రెండోదెలా అవుతుంది? గుర్తు చెప్పనా? పడమటి గాలికి వాన పట్టిందంటే కప్పులోంచి ఒక చుక్క పడుతుంది. ఒకే ఒక్క చుక్క. మొగలాకు ఎన్నిసార్లు కొత్తగా వేసినా పడుతుంది. నా భుజం మీద పడితే నేను నా చోట్లో ఉన్నట్టు. పక్కన పడితే జరగాలని అర్థం."

"ఎడమ భుజం మీదేనా?"

"ఎడమ భుజమే. ఏం?"

"ఏం లేదు తాతా."

"చొక్కా మీద మరక పోదు. నేనే ఉతకాలి."

"ఆ మరక మా వంశానికి పతకం, తెలుసా? చేత్తో లాగుతుందంట చేత్తో! లెక్క ప్రకారం పెట్టు."

"లెక్క ప్రకారమే కావాలా?"

"చెవుడా నీకు?"

"కాదు. మీరు బాగా ఆలోచించుకుని చెబుతారని..."

"చూశావా మకురీటా, చేతకాదని ఒప్పుకోడానికి ఎన్ని వంకర్లు తిరుగుతోందో! సాయంత్రం అందరి ముందూ చెబుతాను. ఈ పిల్ల చదువు ఉత్తదని, ఆ డబ్బా ఎత్తుకుని పట్నానికి, తరావాకి పొమ్మని, మనేబని మనం పుల్లతోనే గీసుకుందామని. నేను చెబితే కాదనేవాడు లేడు. తర్వాత ఇంకే ఊరూ నిన్ను పిలవదు."

"ఆ పని చెయ్యకయ్యా. పిల్ల పొట్ట కొట్టకు."

"అయితే సరిచెయ్యమను. ముందు జరపాలి, తర్వాత పెంచాలి. అంతేగా? నాకే వచ్చేసింది! నీకెందుకు రాదు?"

"వస్తుంది తాతా. కంప్యూటర్‌కి చెప్పే రెండు మాటల్నీ అటు ఇటు మార్చడమే. ఇదిగో. ఇది పైకి, ఇది కిందికి. మళ్ళీ గీయమంటున్నాను... గీసింది."

"ఏదీ? జరుగు, కనిపించట్లేదు. ఆఁ! గుంట దగ్గర లేను."

"లేరు."

"లోపలికొచ్చాను."

"వచ్చారు."

"పడమటి వైపు. ఒకటి, రెండు, మూడో స్తంభం. ఇదీ! ఇదీ చోటంటే! ఏడవకుండా చేస్తే అయిపోయే పనికి పొద్దున్నుంచీ... ఆగు. ఇదేంటి?"

"ఏది?"

"నా పేరు. కైరోరో అని రాయమన్నాను. ఇదేదో చీమలు పాకినట్టుంది. అక్షరాల మీద అక్షరాలు."

"అవును తాతా."

"అవునేంటి అవును? మళ్ళీ తప్పు! ఒక తప్పు సరిచేస్తే ఇంకో తప్పు! నేను చెప్పలేదూ మకురీటా?"

"ఈసారి తప్పు లేదు తాతా. అక్కడ రెండు పేర్లున్నాయి."

"రెండెందుకుంటాయి? ఒక చోటు, ఒక వంశం. చిన్నపిల్లలకి కూడా తెలుసు."

"మీరు చెప్పిన చోట్లో మీ పేరు పడింది. ఆ చోట్లో ముందే ఒక పేరుంది. దాని మీద పడింది."

"ఎవరి పేరు?"

"చదవండి."

"కళ్ళజోడు లేదు."

"ఇప్పటిదాకా గీత మందం కూడా చూశావు కదయ్యా, కళ్ళజోడు లేకుండానే."

"ఎండ పడుతోంది తెర మీద."

"మీ పేరు కాసేపు పక్కకి తీస్తాను తాతా. కిందది బాగా కనిపిస్తుంది."

"తియ్యకు."

"తియ్యవే పిల్లా. నేను చదువుతాను. జరుగయ్యా. తె... మా... రావ. తెమారావ వాళ్ళు."

"తప్పు. ఎవడో తప్పు చెప్పాడు. తెమారావ వాళ్ళు ఈ ఊళ్ళో లేరు. ఎవడు చెప్పాడు నీకు? ఇయోతెబేనా? తాగి చెప్పుంటాడు."

"ఇయోతెబ తాత కాదు. ఆ చోట్లో కూర్చున్నాయనే చెప్పాడు. పడమటి వైపు, మూడో స్తంభం. పడమటి గాలికి ఒక్క చుక్క పడుతుందట. ఎడమ భుజం మీద. ఇంకా పడుతోందేమో కనుక్కోమన్నాడు."

"...ఎవరు?"

"మా తాత."

"అయ్యో. అయ్యో తల్లీ. నువ్వు తెమారావ పిల్లవా?"

"అవును అమ్మమ్మా."

"వచ్చి నెల కావస్తోంది! మన ఊళ్ళోకి దారితప్పిన కుక్కపిల్ల వచ్చినా ఏ ఇంటిదని అడుగుతాం. ఏమయ్యా, మనేబలోకి కొత్తమనిషి వస్తే మొదటి మాట ఏమనాలి? ఎవరి మనవరాలివి అనాలి. అన్నావా? ఒక్కసారి అన్నావా?"

"సొలొమన్ నుంచి వచ్చిందన్నారు. అది చాలదా? నువ్వు మాత్రం అడిగావా?"

"నేనూ అడగలేదు. సిగ్గులేని ఇల్లు మనది."

"ఇంటి జోలికి రాకు. మా నాన్న ముప్ఫై ఏళ్ళు... నేను ఇన్నేళ్ళు కూర్చున్న చోటు. అది మాదే. వదిలి పోయినవాళ్ళది ఎలా అవుతుంది?"

"మీ నాన్న ఏమన్నాడో నీకు గుర్తులేదా?"

"లేదు."

"నాకుంది. ఓడ పగడపు దిబ్బ అవతల ఆగింది. అందర్నీ పడవల్లో ఎక్కిస్తున్నారు. నేను మా అమ్మ చంకలో లేను, అంత చిన్నదాన్ని కాదు, చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. నువ్వూ ఉన్నావు, నా పక్కనే, ముక్కు కారుతూ. మీ నాన్న మోకాళ్ళ దాకా నీళ్ళలోకి దిగి పడవ అంచు పట్టుకున్నాడు. 'మీరు తిరిగొచ్చేదాకా మీ చాప మీద దుమ్ము పడనివ్వను, నేను కూర్చుంటాను' అన్నాడు. ఊరంతా విన్నారు."

"ఊరంతా చచ్చారు."

"నేను చావలేదు."

"నువ్వు పొద్దుటి మాటే మధ్యాహ్నానికి మర్చిపోతావు!"

"మీ పాత చోటు ఎక్కడో కూడా మర్చిపోలేదు. తూర్పున, వెనక. చుట్టాల చోటు పక్కన. పొగ వచ్చేవైపు."

"ఆ తెర అటు తిప్పు."

"ఏమయ్యా? ఎండ పడుతోందా కళ్ళలో?"

"పిల్లా."

"తాతా."

"ముందున్నట్టే పెట్టెయ్."

"ముందంటే?"

"గుంట దగ్గర. గట్టు మీద. పెద్దలు అడిగితే... యంత్రం తప్పు చేసిందని చెబుదాం. యంత్రాలు తప్పు చేస్తాయి కదా. అందరికీ తెలుసు."

"పొద్దున్నుంచీ ఆ పిల్లని తిట్టిన నోరేనా ఇది? చదువు ఉత్తదన్నావు, తరావాకి తరిమేస్తానన్నావు. ఇప్పుడు యంత్రం వెనక దాక్కుంటావా? నీకంటే ఆ యంత్రం నయం. దానికి చెమటన్నా పట్టట్లేదు."

"యంత్రం తప్పు చెయ్యలేదు తాతా. యంత్రం మీద పెట్టకండి. నా తప్పని చెప్పండి, నాకు ఫర్వాలేదు."

"అదే, అదే. నువ్వే అన్నావు కదా, ముందూ వెనకా చేశానని."

"నిజానికి నేనూ తప్పు చెయ్యలేదు."

"మరి?"

"నిన్న మీరు చెప్పి వెళ్ళగానే గీశాను. మొదటిసారే సరిగ్గా వచ్చింది. మీ పేరు వచ్చి మా పేరు మీద పడింది. తాత చెప్పాడని ముందే రాసుకున్న మా పేరు తుడవలేక, నేనే ముందూ వెనకా మార్చాను. గీత కూడా లావుగా వదిలేశాను. తప్పని చూడగానే తెలియాలి కదా, అందుకని."

"కావాలని చేశావా? కావాలని నన్ను గుంటలో..."

"చేత్తో లోపలికి లాగుతానని బతిమాలాను. మీరు ఒప్పుకోలేదు. లెక్క ప్రకారమే కావాలన్నారు."

"ఎందుకు? నీ చోటు నువ్వు అడక్కుండా ఈ నాటకమెందుకు?"

"మా తాత చెప్పి పంపాడు. మన చోట్లో ఎవరైనా కూర్చుని ఉంటే లేపకు, అన్నాడు. ఇన్నాళ్ళూ దుమ్ము పడకుండా చూసుకున్న మనిషి ఆయన. నువ్వు చుట్టాల చోట్లో కూర్చో, అక్కణ్ణుంచి ఒకసారి చూసి రా, చాలు. చుక్క పడుతోందో లేదో వచ్చి చెప్పు, అన్నాడు."

"విన్నావా అయ్యా?"

"వినపడుతోంది. చెవుడా నాకు?"

"మరి పిల్లకేం చెబుతావు?"

"ఊపిరి తీసుకోనివ్వవా? ఏయ్ పిల్లా."

"తాతా."

"మీ తాత ఇంకా బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు. కళ్ళు కనిపించవు."

"అప్పుడూ అంతే. వల విసిరితే పడవలోనే పడేది. దుమ్ము సంగతేమో గాని, వాడి చాప ఏనాడో చిరిగిపోయిందని చెప్పు. రెండోది వేశాం. అది మా డబ్బు."

"నేను అల్లాను. నీ డబ్బేంటి?"

"మధ్యలో రాకు! పిల్లా, కొత్త మనేబలో ఆ చోటు ఎంత పెరిగిందన్నావు?"

"ఒకటిన్నర రెట్లు. అన్నీ అంతే."

"అయితే నన్ను స్తంభం వైపు జరుపు. మరీ జరపకు, నడుం ఆనించుకోడానికి చాలు. చుక్క పడేవైపు తెమారావ అని రాయి. తడిసేది మీరే, నాకేం. సాయంత్రం పాత మనేబలోనూ అక్కడే కూర్చో, ఎవడైనా అడిగితే బిరిబో కూర్చోమన్నాడని చెప్పు. ఏం చూస్తున్నావు? గియ్యి! ముందు జరుపు, తర్వాత పెంచు. ఈసారి కూడా ముందూ వెనకా చేశావంటే నిన్ను నిజంగానే గుంటలోకి తోస్తాను."